ఖాళీ కొండ అనేది ఎక్కడా లేదు



పోస్ట్ పెద్దదే. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. తిట్టాలనిపిస్తే చదివాకే తిట్టండి.

మేం విజయవాడ వన్ టౌన్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. పాడేరు, చింతపల్లి, అరకు, చింతూరు వైపుల నుంచి వచ్చినవాళ్లం. మా ఇళ్లల్లో కాలేజీ గేటు దాటింది మేమే మొదలు. రాత్రి భోజనాలయ్యాక అందరిలాగే ఫోన్ పట్టుకుంటాం. ప్రకృతి ఫోటోలు పెట్టుకునే గ్రూపుల్లో మాలో చాలామంది ఉన్నారు, ఎందుకంటే అక్కడ మా కొండలు కనిపిస్తాయి. ఇంటికెళ్లి మూడు నెలలైనవాడికి వంజంగి మేఘాలు కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది. కాబట్టి ఫోటోలంటే మాకు పడదని అనుకోకండి.

మా గొడవ ఒక్కటే. ఆ ఫోటోల్లో కొండ ఉంటుంది, మబ్బు ఉంటుంది, సూర్యుడు ఉంటాడు. మేం ఉండం.

క్యాప్షన్లు చూడండి. "మనిషి అడుగు పడని చోటు." "ఎవరికీ తెలియని స్వర్గం." "ఆంధ్రా కశ్మీర్." ఎవరికీ తెలియదంటే ఎవరికి బాబూ? ఆ కొండెక్కి ఆవులు కాసినవాళ్లకి తెలియదా? ఆ వాగు నీళ్లు మోసినవాళ్లకి తెలియదా? లంబసింగికి లంబసింగి అనే పేరుంది. దానికి కశ్మీర్ పేరు అరువు తెచ్చి పెట్టడం దేనికి? మనిషి అడుగు పడలేదంటున్నారు గానీ, ఫోటో తీసినాయన పైకెక్కిన బాట ఎవరి కాళ్లు నడిచి నడిచి పడింది? బాట దానంతటది పుట్టదు కదా.

మాలో ఒక తమ్ముడు సెలవులకి ఊరెళ్లినప్పుడు తెల్లారుజామున ఒక ఫోటో తీశాడు. లోయ నిండా మంచు, పక్కన కట్టెల మోపుతో నడిచొస్తున్న ఒక పెద్దమ్మ. ఒక ఫోటోగ్రఫీ గ్రూపులో పెడితే అడ్మిన్ గారి జవాబు: "లైట్ బాగుంది, కానీ ఫ్రేమ్‌లో డిస్ట్రాక్షన్ ఉంది. తీసేసి మళ్లీ పోస్ట్ చేయండి." ఆ డిస్ట్రాక్షన్ వాడికి వరసకి పెద్దమ్మ అవుతుంది. ఇప్పుడు ఫోన్లలోనే చెరిపేసే సదుపాయం వచ్చింది. వేలితో ఇలా రుద్దితే మనిషి మాయం, ఇల్లు మాయం, కరెంటు తీగ మాయం. ఆ తీగ కోసం ఆ ఊరివాళ్లు ఎన్ని అర్జీలు పెట్టుకున్నారో రుద్దినాయనకి తెలియదు.

"అబ్బా, ఫోటోయే కదా, ఇంత రాద్ధాంతమా" అనేవాళ్లకి ఒక సంగతి చెప్తాం. అమెరికాలో యోసెమిటీ అని ఒక లోయ ఉంది. ప్రకృతి ఫోటోలు తీసేవాళ్లకి అది తిరుపతి లాంటిది. 1851లో మారిపోసా బెటాలియన్ అనే పటాలం ఆ లోయలోకి దిగింది. అక్కడుండే అవానీచీ అనే ఆదివాసుల ఊళ్లు, దాచుకున్న తిండిగింజలు తగలబెట్టి వాళ్లని తరిమింది. సరిగ్గా పదేళ్లకి, 1861లో, కార్ల్‌టన్ వాట్కిన్స్ అనే ఫోటోగ్రాఫర్ వెళ్లి గొప్ప ఫోటోలు తీశాడు. కొండలు, జలపాతాలు, ప్రశాంతత. ఆ ఫోటోలు వాషింగ్టన్ పెద్దల దాకా చేరాయి. 1864లో లింకన్ సంతకంతో ఆ లోయని జనం విహారం కోసం కాపాడాలని చట్టం వచ్చింది. ఏ జనం కోసం? తరిమేసినవాళ్ల కోసమైతే కాదు. తర్వాత తిరిగొచ్చి అక్కడే పనులు చేసుకుంటూ బతికిన కొన్ని కుటుంబాలకి మిగిలిన చివరి ఇళ్లు కూడా 1969లో కూల్చేశారు.

వాట్కిన్స్ ఎవర్నీ తరమలేదు. కెమెరాతో తీశాడంతే. కానీ ఖాళీ చేయించిన చోటు మొదట్నుంచీ ఖాళీగానే ఉన్నట్టు లోకానికి కనిపించింది. ఫోటోకి అంత బలం ఉంది. బలం ఉన్నదాని గురించి అడిగితే రాద్ధాంతం ఎలా అవుతుంది?

మన దగ్గరికి వద్దాం. బొర్రా గుహల ఫోటో ప్రతి గ్రూపులోనూ ఉంటుంది. ఆ బొర్రా చుట్టుపక్కల ఆదివాసీ భూముల్లో ప్రైవేటు గనులకి లీజులిస్తే సమత అనే సంస్థ కోర్టుకెళ్లింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గనుల కోసం ప్రభుత్వ భూమైనా సరే గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. దేశంలో ఆదివాసులందరికీ పనికొచ్చిన తీర్పు మన అనంతగిరి కొండల్లో పుట్టింది. గుహ ఫోటోకి వేల లైకులు కొట్టినవాళ్లలో ఎంతమందికి ఆ మాట తెలుసు? 1/70 చట్టం ఎందుకుందో ఎంతమందికి తెలుసు? "ఇంత అందమైన చోట రిసార్ట్ కట్టుకోనివ్వరా" అని కామెంట్ పెట్టేవాళ్లు మాత్రం ప్రతి పోస్టు కిందా ఉంటారు. ఖాళీ కొండ చూపిస్తే చూసినవాడికి ముందు గుర్తొచ్చేది ప్లాటే.

పాపికొండలు ఇంకో కథ. "మునిగిపోకముందే చూసి రండి" అని బోటు ఫోటోలు పెడతారు. మునిగేది సీనరీ అనుకుంటున్నారు. కొండరెడ్ల ఊళ్లు, కోయ ఊళ్లు మునుగుతున్నాయి. పోలవరం కాఫర్ డ్యామ్ కట్టాక దేవీపట్నం మండలంలో ఇళ్లు నీళ్లలో చిక్కుకున్నాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 70 అడుగులు దాటినప్పుడు కూనవరం, వరరామచంద్రాపురం మండలాలవాళ్లు గుట్టలెక్కి టార్పాలిన్ల కింద ఉన్నారు. ఆ గుట్టలు కూడా ల్యాండ్‌స్కేపే కదా. అవి ఏ గ్రూపులోనూ "ఫోటో ఆఫ్ ద డే" కాలేదు.

ఇక వలిసె పూలు. నవంబరు, డిసెంబరు వచ్చిందంటే అరకు లోయంతా పచ్చగా పసుపు పరిచినట్టుంటుంది. అది పూలతోట కాదండీ. నూనెగింజ పంట. ఏడాదికి ఒక్కసారి చేతికొచ్చే నాలుగు రూపాయలు. దాంట్లోకి దిగి, దొర్లి, చీర కొంగు ఎగరేసి ఫోటోలు తీసుకుంటారు. తొక్కిన చాలు మళ్లీ లేవదు. చూసీ చూసీ రైతులు కొన్ని చోట్ల మనిషికి పదో ఇరవయ్యో అడగడం మొదలెట్టారు. అంతే, "అమాయక గిరిజనులు కూడా డబ్బు మనుషులైపోయారు" అని పోస్టులు. పెళ్లి ఫోటోలకి స్టూడియోవాడికి, డ్రోన్‌వాడికి, మేకప్ ఆవిడకి వేలకి వేలు లెక్కపెట్టి ఇస్తారు. పొలం ఇచ్చినవాడు పది రూపాయలడిగితే అమాయకత్వం పోయిందా? మా అమాయకత్వం మీకు ఉచితంగా కావాలన్నమాట.

వాళ్లు చెప్పే సమాధానాలు మాకు తెలుసు. ఒకటి, "అందం అందరిదీ, మబ్బుకి ఓనర్ ఎవరు?" నిజమే, మబ్బు ఎవరిదీ కాదు. కానీ అదే ఫోటోని ఇంకోడు కాపీ చేసి పెడితే "క్రెడిట్ ఏది? నా వాటర్‌మార్క్ ఎందుకు కోశావ్?" అని కేసు దాకా వెళ్తారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటో తీసినవాడే దాని కర్త. మేం కాదనం. వాళ్ల కష్టం వాళ్లది. పేరు కోసేస్తే ఎంత మండుతుందో వాళ్లకి బాగా తెలుసు కదా. మా ఊరి పేరు కోసేస్తే మాకూ అంతే మండుతుంది.

రెండు, "మా ఫోటోల వల్లే టూరిజం వచ్చింది, మీకే లాభం." వచ్చింది, నిజం. టీ కొట్టు పెట్టుకున్నవాళ్లున్నారు, గుడారాలు అద్దెకిస్తున్నవాళ్లున్నారు. బొంగులో చికెన్ అమ్మి పిల్లల్ని చదివిస్తున్నవాళ్లున్నారు. వాళ్ల పొట్ట కొట్టమని మేం అనం. కానీ ప్లాస్టిక్ సీసాలు కొండ మీద వదిలేసి పోయేది ఎవరు, ఏరేది ఎవరు? మబ్బులు చూడ్డానికి తెల్లారకముందే కార్లు వరస కట్టే ఏజెన్సీలోనే, ఇప్పటికీ నిండు గర్భిణిని డోలీ కట్టి మోసుకెళ్లే ఊళ్లున్నాయి. లాభం లెక్క చెప్పేటప్పుడు ఇది కూడా కలిపి చెప్పాలి.

మూడు, "పేదరికం చూపించమంటారా?" అస్సలు వద్దు. చిరిగిన చొక్కా, ముక్కు కారే పిల్లాడు, ముడతల ముసలమ్మ బ్లాక్ అండ్ వైట్‌లో. అది ఇంకో రకం దోపిడీ. మేం అడిగేది జాలి కాదు. కొండ మనుషులున్న కొండలాగా కనిపించాలి, అంతే.

ఇది ఏజెన్సీ గొడవ మాత్రమే అనుకోకండి. ఇక్కడ వన్ టౌన్‌లోనూ చూస్తున్నాం. రాత్రిపూట కొండ మీద ఇళ్ల దీపాలు దూరం నుంచి తీసి "దీపాల హారం" అని పెడతారు. ఆ మెట్లు ఎక్కి దిగితే తెలుస్తుంది, గ్యాస్ బండ భుజాన మోసుకెళ్లేవాడి సంగతి. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. తర్వాత రెండు రోజులకే ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు పోయింది. డ్రోన్ వీడియోలు మోగిపోయాయి, "కృష్ణమ్మ ఉగ్రరూపం" అని. అదే సమయంలో బుడమేరు నీళ్లలో సింగ్ నగర్ జనం మేడల మీద నిలబడి ఫోటో, లొకేషన్ పెట్టి సాయం అడిగారు. ఒకే నగరం, ఒకే వాన. ఒక ఫోటో చూడ్డానికి, ఒక ఫోటో బతకడానికి. రెండోదాన్ని ఎవరూ డిస్ట్రాక్షన్ అనలేదు.

కాబట్టి మా మాటలు నాలుగు.

ఊరి పేరు, మండలం పేరు రాయండి, మేం పలికేలాగే రాయండి. మీరు పెట్టే ముద్దుపేర్లు వద్దు.

పొలంలో దిగేముందు, మనిషిని తీసేముందు అడగండి. డబ్బులడిగితే ఇవ్వండి, వద్దంటే వెనక్కి రండి.

ఉన్న మనిషిని, ఇంటిని, తీగని చెరిపి దానికి "సహజం" అని పేరు పెట్టకండి. చెరిపితే చెరిపామని రాయండి.

నాలుగోది మన పిల్లలకి. మనమే తీద్దాం. పెద్ద కెమెరా అక్కర్లేదు. కొర్ర కొత్తకి ఇంటికెళ్లినప్పుడు, ఇటుకల పండక్కి వెళ్లినప్పుడు తీయండి. ఆ కొండని మన భాషలో ఏమంటారో, ఆ వాగుకి ఆ పేరెందుకొచ్చిందో తాతల్ని, అవ్వల్ని అడిగి కింద రాయండి. ఆ పేర్లు ఏ మ్యాపులోనూ లేవు, అడగడానికి వాళ్లుండగానే అడగాలి. అడ్మిన్లు రిజెక్ట్ చేస్తే ఈ గ్రూపులో పెట్టండి. ఆ తమ్ముడి ఫోటో ముందుగా కింద కామెంట్లో పెడుతున్నాం, పెద్దమ్మని అడిగే పెడుతున్నాం. కట్టెల మోపుతో సహా.

మీ ఊరి ఫోటో ఉంటే మీరూ పెట్టండి. పేరు రాయడం మర్చిపోకండి.

జై ఆదివాసీ.