అగ్గువ ఇల్లు, పిరమైన అబద్ధం

"మీరేంటోళ్లు సార్?"

ఇబ్రహీంపట్నంల అద్దె ఇల్లు కోసం రెండు నెలలు తిరిగిన. ఈ మాట అడగని గేటు లేదు. కొందరు ముఖం మీదనే అడిగిండ్రు. కొందరికి సిగ్గు. సిగ్గున్నోళ్లు సుట్టు తిప్పి అడుగుతరు. "ఇంటిపేరేంది సార్?" అంటరు. "మటన్, చికెనేనా, ఇంకేమన్న తింటరా?" అంటరు. ఒక రిటైర్డు ఉద్యోగి అందరికన్న తెలివిగా అడిగిండు: "మీ ఊళ్లె మీ ఇల్లు ఏ పక్కకు ఉంటది?" ఊరికి ఏ పక్క ఉన్నమో చెప్తే మేమెవలమో ఇంక చెప్పే పని లేదు. హైదరాబాదుకు 30 కిలోమీటర్ల దూరంల, మిద్దె మీద మిద్దె లేసిన కాలనీల, సీసీ కెమెరా కింద నన్ను నిలబెట్టి మా ఊరి వెలివాడను నా ముంగటికి తెచ్చిండు ఆ పెద్దమనిషి.

నేను సర్కారు బడి పంతులును. 2017 నోటిఫికేషన్ల పరీక్ష రాసి 2019ల ఉద్యోగంల చేరిన. సోషల్ చెప్త. మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. మా అయ్య పటేలు కాడ జీతమున్నడు. మా అవ్వ నాట్లకు, కలుపులకు పోయింది. నా దగ్గర అద్దె పైసలు లేక ఇల్లు దొరకలేదనుకునేరు. రెండు నెలల అడ్వాన్సు జేబుల పెట్టుకొనే తిరిగిన. పద్నాలుగు ఇండ్లు చూసిన. అండ్ల పదకొండు ఇండ్లకు, నేను చూసిపోయిన తెల్లారే చుట్టాలు దిగిండ్రు. "మా తమ్ముని కొడుకు వస్తుండు సార్, ఏమనుకోకుండ్రి." వారం తర్వాత అదే గల్లీల పోతుంటే టులెట్ బోర్డు అట్లనే వేలాడుతున్నది. తమ్ముని కొడుకు ఇంక తొవ్వలనే ఉన్నట్టున్నడు.

మా ఇబ్రహీంపట్నం అంటే ఒకప్పుడు కుతుబ్‌షాహీల కాలపు పెద్ద చెరువు, సాగర్ పోయే బస్సులు. ఇప్పుడు అట్ల కాదు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు బొంగ్లూరు కాడ సాగర్ రోడ్డును కలిసింది. మంగల్‌పల్లి, శేరిగూడల ఇంజనీరింగు కాలేజీలు లేసినయి. ఆదిబట్లకు విమానాల సామాన్లు చేసే కంపెనీలు, సాఫ్ట్‌వేర్ కంపెనీ వచ్చినయి. 2022 ఆగస్టుల జిల్లా కలెక్టరేటే కొంగరకలాన్‌కు వచ్చింది. "ఏరియా మస్తు డెవలప్ అయింది సార్" అంటరు బ్రోకర్లు. అయింది. నేను ఒప్పుకుంట. ఎవరి భూమి మీద డెవలప్ అయింది, ఎవరికి ఆ గేటు తెరుచుకుంటున్నది అన్నదే నా పేచీ.

"అద్దెకు ఇయ్యకుంటే ఇంత జాగ కొనుక్కుందాం" అన్నది నా భార్య. ఒక వెంచరోళ్లు కారు పంపిస్తమన్నరు. అవ్వను గూడ ఎక్కించుకున్న. తీరా పోయి చూస్తే అది మా ఊరి శివారు. ఊరి పేరు, కంపెనీ పేరు చెప్పను. ఏ ఊరి పేరు పెట్టినా ఈ కథ చెల్లుతది.

మా తాతకు సర్కారు ఎకరంన్నర లావుణి పట్టా ఇచ్చింది. రాళ్ల భూమి. రాయి ఏరి ఏరి మా అయ్య నడుము పోయింది. 2006ల అక్క పెండ్లి ముంగటికొచ్చింది. రింగురోడ్డు వస్తదన్న ముచ్చట మాకన్న ముందు బ్రోకర్లకు తెలిసింది. సాదా కాగితం మీద వేలిముద్ర ఏయించుకొని, ఎకరం రెండు లక్షల లెక్కన మూడు లక్షలు చేతుల పెట్టిండ్రు. అసైన్డు భూమిని అమ్మొద్దు, కొనొద్దు, కొన్నా చెల్లదు అని 1977 నాటి 9వ నంబరు చట్టం చెప్తది. చేతులు మారిన భూమిని కలెక్టరు వెనక్కి తీసుకొని పట్టాదారుకో, వాని వారసులకో మళ్ల ఇయ్యొచ్చని గూడ చెప్తది. ఆ చట్టం మా అయ్యకు ఎవలు చదివి చెప్పిండ్రు? ఆ కాగితం అటెన్క ఎన్ని చేతులు మారి, ఎట్ల ప్లాట్లయిందో ఆ కాగితానికే ఎరుక.

మార్కెటింగ్ పిలగాడు రంగుల బొమ్మ చూపిస్తుంటే మా అవ్వ అటు చూస్తలేదు. "బిడ్డా, ఈడ ఒక యాపచెట్టుండాలె, ఏమైంది?" అన్నది. "అక్కడ పార్కు వస్తదమ్మా" అన్నడు వాడు. గజం 22 వేలు. 150 గజాల ముక్క 33 లక్షలు. ఎకరంన్నర అంటే 7,260 గజాలు. 7,260 గజాలు ఇచ్చి తెచ్చుకున్న పైసలకు ఇయ్యాల పద్నాలుగు గజాలు రావు. కార్ల ఎక్కినంక అవ్వ ఒక్కటే మాట అన్నది: "మన దాంట్లనే మనల్ని కొనుక్కోమంటున్నడు గదరా."

ఇంకొక ముచ్చట. 2004 ఎన్నికల దాకా ఇబ్రహీంపట్నం అసెంబ్లీ సీటు ఎస్సీలకు రిజర్వు. 2009 నుంచి జనరల్. ఒకదాని వల్ల ఇంకొకటి అయిందని నేను అనను. భూమికి ధర వచ్చే యాల్లకు భూమీ, సీటూ రెండూ మా చేతుల లేవని మాత్రం అంట.

ఇగ నా తప్పు చెప్త. ఇది రాయకపోతే మీదంతా రాసుడు దండుగ.

పదిహేనో ఇల్లు అగ్గువకు దొరికింది. ఓనర్లు కింద, మేము మీద. రెండు గదులు, ఏడున్నర వేలు, నల్లా, ఎండా గాలీ. ఓనరు అడిగిండు, "మీరేంటోళ్లు?" ఎనక నా భార్య బిడ్డనెత్తుకొని నిలబడ్డది. బడి మొదలై నెల దాటింది. "బీసీలం సార్" అన్న. తాళం చెవి చేతికొచ్చింది. సంతోషపడ్డ. ఆ రాత్రి అన్నం పోలేదు.

అద్దె ఏడున్నర వేలే. అబద్ధానికి కట్టిన అద్దె చెప్తే మీరు నమ్మరు. గోడ మీద అంబేద్కర్ ఫోటో పెట్టలేదు, పెట్టెల పెట్టిన. మా ఇంట్ల కూర ఉడికితే కిటికీలు మూసినం. నాలుగేండ్ల బిడ్డకు "మనమెవలమో ఎవ్వలకు చెప్పకు" అని నేర్పినం. చదువు చెప్పే పంతులును నా బిడ్డకు నేర్పిన మొదటి పాఠం ఇది. అవ్వ మాటతీరుతోటి దొరికిపోతమని ఆమెను చీకటి పడ్డంక, ఎనక మెట్ల మీదికెల్లి రమ్మన్న. రెండుసార్లు వచ్చింది. మూడోసారి రాలేదు. ఫోన్ చేస్తే ఇట్ల అన్నది: "పటేలింటికి ఎనక దర్వాజకెల్లి పోయి గోలెంల కుడితి పోసొచ్చిన. కొడుకింటికి గూడ ఎనకకెల్లేనా? ఇంక నువ్వు చదివి ఏం లాభం రా?"

ఆ మాటకు జవాబు దొరకక తిరుగుతున్న దినాలల్లనే బడిల ఒకటి జరిగింది. రాజ్యాంగం పాఠం. పదిహేడో అధికరణం, అంటరానితనం రద్దు అని బోర్డు మీద రాస్తున్న. మా వాడ పిలగాడొకడు ఎనక బెంచీ నుంచి లేసిండు. "సార్, మీరేంటోళ్లు?" అన్నడు. గేటు కాడ అడిగిన మాటే. అక్కడ నన్ను బయట ఉంచెటందుకు అడిగిండ్రు. వీడు నన్ను తనోన్ని చేసుకునెటందుకు అడుగుతుండు. మనోడు గూడ పంతులైండు అని ఇంటికి పోయి చెప్పుకోవాలని వాని ఆశ. "కూసొని పాఠం రాసుకో" అన్న. వాని మొఖం వాడిపోయింది. పద్నాలుగు గేట్ల కాడ పడని దెబ్బ అక్కడ పడ్డది.

పట్నాల్లో కులమెక్కడుంది అని సభల్లో మాట్లాడే మేధావులారా! ఉద్యోగమొస్తే, పైసలొస్తే కులం దానంతటదే పోతుందని మాకు హితబోధ చేసే ప్రగతిశీలులారా! 1917లో కొలంబియాలో చదివి, లండన్ చూసి, బరోడా సంస్థానంలో కొలువు చేయడానికి వచ్చిన మనిషికి తలదాచుకునే చోటు దొరికిందా? మారుపేరుతో పార్సీ సత్రంలో చేరాడు అంబేద్కర్. పదకొండో రోజు కర్రలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టారు. స్నేహితుల ఇళ్లలో చోటు దొరకలేదు. కమాటీబాగ్ తోటలో కూర్చొని, బండెక్కి బొంబాయి వెళ్లిపోయాడు. ఆయనకంటే పెద్ద చదువు మాలో ఎవడు చదివాడు? సుఖదేవ్ థోరట్ బృందం దేశ రాజధాని ప్రాంతంలో ఇళ్ల అద్దెల మీద చేసిన పరిశోధన 2015లో అచ్చయింది. పై కులం పేరుతో అడిగితే తెరుచుకున్న తలుపులు దళితుల పేర్లకు, ముస్లింల పేర్లకు మూసుకున్నాయి. బరోడాకూ దానికీ మధ్య దాదాపు వందేళ్లు. ఊళ్లో గీత బయటికి కనబడేది. పట్నంలో ఆ గీతను గేటు లోపలికి జరుపుకున్నారు, అంతే తేడా.

"నా ఇల్లు, నా ఇష్టం" అంటారు ఓనర్లు. సరే. మీ ఇంటికి వచ్చిన రోడ్డు ఎవరిది? కరెంటు, నీళ్లు ఎవరివి? మీ ప్లాటు కింద ఎవరి లావుణి పట్టా ఉంది? నడి బజార్ల బోర్డు కట్టి అందరినీ పిలిచి, వచ్చినోన్ని కులం చూసి వాపసు పంపుడు ఇష్టం కాదు, నేరం. 1955లో అంటరానితనపు నేరాల చట్టంగా పుట్టి, 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మార్చుకున్న చట్టంలో 4వ సెక్షన్ తీసి చూడండి. గుడి, బావి, హోటలే కాదు, ఏ ఊళ్లోనైనా ఏ వాడలోనైనా నివాసపు ఇల్లు కట్టుకోవడం, పొందడం, అందులో ఉండడం గూడ అక్కడ రాసి ఉంది. అంటరానితనం పేర దాన్ని అడ్డుకుంటే నెల నుంచి ఆరు నెలల దాకా జైలు. "మేం కులం మాట అననే లేదు, చుట్టాలొస్తున్నరన్నం" అని తప్పించుకుంటారా? 12వ సెక్షన్ చూడండి. అడ్డుకోబడ్డ మనిషి షెడ్యూల్డు కులపోడైతే, అది అంటరానితనం వల్లనే అని కోర్టు అనుకోవాలి. కాదని చూపించే భారం ఎదుటివాడిది. అంటే తమ్ముని కొడుకును కోర్టుకు పట్టుకరావాల్సింది ఓనరే.

ఇంత మంచి చట్టం ఉండి ఎందుకు పండుకున్నది? సర్కారు పౌరహక్కుల దినం జరుపుతది. రెండు గ్లాసులున్నయా, గుడిలోకి రానిస్తున్నరా అని ఊళ్లల్ల అడుగుతరు. కాలనీలకొచ్చి టులెట్ బోర్డు ముంగట నిలబడి అడిగిన ఆఫీసరును నేను చూడలేదు. వాళ్లదే తప్పా? మనం లేమా? నౌకరీలొచ్చిన మనమే నోరు మూసుకున్నం. ఇంటిపేర్లు దాచినం. బీసీలమన్నం, క్రిస్టియన్లమన్నం. మన ఒక్కొక్క అబద్ధం ఓనరు గేటుకు ఇంకొక గడియ అయింది. మన ఎనక వచ్చే పిలగానికి, చిన్న నౌకరీ దొరికి పట్నమొచ్చే చెల్లెకు, ఆ గేటు ఇంక గట్టిగ మూసుకున్నది.

విద్యార్థులారా, సంఘాల్లో పనిచేసే అన్నలారా, అక్కలారా! ఇల్లు దొరకనోళ్లను నేను తప్పు పడ్తలేను. పిల్లలతోని రోడ్డు మీద నిలబడ్డోని బాధ నాకు ఎరుకే. ఒక్కడు నిలబడితే నిలబడలేడు. అందుకే గుంపుగ పోదాం. ఇల్లు చూడనీకి పోయేటప్పుడు ఇద్దరు సాక్షుల్ని తోల్కపోదాం. తేదీ, మాట, ఇంటి నంబరు రాసిపెడ్దాం. చుట్టాలొచ్చిండ్రా లేదా వారం తర్వాత పోయి చూద్దాం. పది కేసులు పడితే పదకొండో ఓనరు ఆలోచిస్తడు. ఊళ్లల్ల లావుణి పట్టాల కాగితాలు జమ చేద్దాం. 1977 చట్టాన్ని వాడల కూసొని చదివి వినిపిద్దాం.

మొన్న సోమవారం క్లాసుల ఎనక బెంచీ పిలగాన్ని లేపిన. "మొన్న నువ్వు అడిగినవ్ గద. నేను మాదిగోన్ని. మీ వాడోన్నే" అన్న. క్లాసంతా ఒక నిమిషం సప్పుడు లేదు. వాడు నవ్విండు. ఆ సాయంత్రం ఓనరు తలుపు కొట్టి అదే మాట చెప్పిన. ముందు అబద్ధం చెప్పిన, అది నా తప్పు అని గూడ చెప్పిన. ఆయన ఏమనలేదు. తెల్లారి మాత్రం, "నెలాఖరుకు మా బిడ్డ అల్లుడు వస్తుండ్రు సార్" అన్నడు. ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టియ్యమన్న. 12వ సెక్షన్ తెలుగుల రాసి చేతికిచ్చిన. ఇప్పటి దాకా జవాబు లేదు.

ఇది అచ్చయ్యే యాల్లకు నేను ఈ ఇంట్ల ఉంటనో, కోర్టుల ఉంటనో తెల్వదు. పెట్టెల నుంచి ఫోటో తీసి గోడకు పెట్టిన. అవ్వకు ఫోన్ చేసిన. ఆదివారం పట్టపగలు రమ్మన్న, ముంగటి గేటుకెల్లి.