పాట కింద ఉన్న పేర్లు

ఇంగ్లండ్ హార్డ్ రాక్ బ్యాండ్ డీప్ పర్పుల్ చరిత్రను అభిమానులు ‘మార్క్’ల లెక్కన చెప్పుకుంటారు. 1968లో మొదలైన ఐదుగురిది మార్క్ వన్. మరుసటి ఏడాది గాయకుడూ, బేస్ గిటార్ వాయించే మనిషీ మారేసరికి మార్క్ టూ. ఒకరు వెళ్లి కొత్తవారు వచ్చిన ప్రతిసారీ సంఖ్య పెరుగుతూ ఇప్పుడు తొమ్మిది దగ్గర ఉంది. ఈ లెక్కలోనే ఒక తీర్పు కలిసిపోయింది. మార్క్ టూయే అసలు బ్యాండ్, దానికి ముందుది సన్నాహం, తర్వాత వచ్చినదంతా ఆ పేరు మీద సాగిన కాలక్షేపం అని. దశాబ్దాలుగా చలామణిలో ఉన్న ఈ తీర్పు తప్పని నా వాదన. ఐదుగురు ఎవరెవరన్న దానికన్నా, ఆ ఐదుగురూ కలిసి పాటను ఎలా కడతారన్నదే బ్యాండ్‌ను నిలబెడుతుంది. దీనికి సాక్ష్యం అట్ట మీది ముఖాల్లో దొరకదు. లోపల ప్రతి పాట కింద చిన్న అక్షరాల్లో వేసే రచయితల పేర్లలో చాలావరకు దొరుకుతుంది. నలుగురు కలిసి చేసిన కళకు కర్త ఎవరన్నది సాహిత్య పత్రికకు పరాయి ప్రశ్న కాదు కనుక, ఈ బ్యాండ్ కథను ఆ పేర్ల వైపు నుంచి చదవాలనిపించింది.

మనుషులు మారడం ఈ బ్యాండ్ పుట్టుకలోనే ఉంది. సెర్చర్స్ బృందంలో డ్రమ్స్ వాయించిన క్రిస్ కర్టిస్ 1967లో ఒక ఆలోచన చేశాడు. నిలకడగా ఉండేవాళ్లు కొద్దిమందే, మిగతావాళ్లు రంగులరాట్నం ఎక్కి దిగినట్టు వచ్చిపోతుంటారు. రౌండబౌట్ అని పేరు కూడా పెట్టి, ఆర్గన్ వాయించే జాన్ లార్డ్‌ను చేర్చుకున్నాడు. ఆ పిలుపు మీదే గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ వచ్చాడు. త్వరలోనే కర్టిస్ తప్పుకున్నాడు, ఆ పేరూ పోయింది. బ్లాక్‌మోర్ వాళ్ల అవ్వకు ఇష్టమైన ఒక పాత పాట పేరును బ్యాండ్‌కు పెట్టుకున్నారు. గాయకుడు రాడ్ ఎవాన్స్, బేస్ మీద నిక్ సింపర్, డ్రమ్స్ మీద ఇయాన్ పెయిస్ చేరాక 1968లో ‘హష్’ పాట అమెరికాలో నాలుగో స్థానం దాకా వెళ్లింది. అయితే అది జో సౌత్ రాసిన పాట. తొలి ఆల్బమ్‌లలో ఇతరుల పాటలు గణనీయంగా ఉన్నాయి. వాయించడం వచ్చింది, తమది అనదగ్గ పాట మాత్రం ఇంకా కుదరలేదు. 1969 వేసవిలో ఎవాన్స్, సింపర్‌లకు తెలియకుండానే ఎపిసోడ్ సిక్స్ అనే బృందం నుంచి గాయకుడు ఇయాన్ గిలన్‌ను, బేస్ వాయించే రోజర్ గ్లోవర్‌ను తెచ్చుకున్నారు. ఫలితం ఎంత గొప్పదైనా, ఇద్దరు సహచరుల వెనక నడిచిన ఆ వ్యవహారం అన్యాయమే.

కొత్తగా కూడిన ఐదుగురు ఏం చేశారో చూస్తే ‘అసలు బ్యాండ్’ అన్న మాట ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. హామండ్ ఆర్గన్‌కు సాధారణంగా వాడే స్పీకర్‌ను పక్కనబెట్టి, లార్డ్ తన వాద్యాన్ని గిటార్‌కు వాడే మార్షల్ ఆంప్లిఫయర్‌కు కలిపాడు. చర్చి ప్రార్థనలోనో జాజ్ క్లబ్బులోనో వినిపించే ఆ వాద్యం గరగరలాడుతూ గిటార్‌తో సమానంగా గొంతెత్తింది. దాంతో ఒక వాద్యం ముందుండి తక్కినవి దానికి వంతపాడే ఏర్పాటు పోయి, గిటార్ ఒక మాటంటే ఆర్గన్ దానికి జవాబు చెప్పే సంవాదం మొదలైంది. 1970లో వచ్చిన ‘ఇన్ రాక్’ ఆల్బమ్ అంతా ఈ సంవాదమే. ఆ ఆల్బమ్‌లో ప్రతి పాట కిందా ఐదుగురి పేర్లూ ఉన్నాయి. స్వరం ఎవరికి తట్టినా, మాటలు ఎవరు రాసినా, డ్రమ్స్ మాత్రమే వాయించినా, కర్తృత్వం సమానం, రాబడీ సమానం. దీన్ని కేవలం డబ్బు ఒప్పందంగా కొట్టిపారేయడానికి లేదు. అందరూ ఒక గదిలో కూర్చుని గంటలకొద్దీ వాయించుకుంటూ పోతుంటే అందులోంచి పాట తేలే పద్ధతికి ఆ ఐదు పేర్లు సరైన సంతకం.

ఈ పద్ధతి ఎలా పనిచేసిందో చెప్పడానికి ‘స్మోక్ ఆన్ ద వాటర్’ ఒక్కటి చాలు. 1971 డిసెంబర్ 4న స్విట్జర్లాండ్‌లోని మోంట్రోలో ఫ్రాంక్ జాపా కచేరీ జరుగుతుండగా ఎవరో పేల్చిన నిప్పుకు కాసినో భవనం కాలిపోయింది. అందులోనే రికార్డింగ్ చేయాలని వచ్చిన డీప్ పర్పుల్ చోటు వెతుక్కుంటూ చివరికి ఖాళీగా ఉన్న గ్రాండ్ హోటల్‌లో పని ముగించింది. జెనీవా సరస్సు మీద పరుచుకున్న పొగను చూసిన తర్వాత గ్లోవర్‌కు నిద్రలోంచి లేస్తూ ఆ శీర్షిక తట్టింది. రిఫ్, అంటే పాటలో తిరిగి తిరిగి వచ్చే స్వరాల వరస, బ్లాక్‌మోర్‌ది. కథ చెప్పే మాటల్లో గిలన్ చేయి ఉంది. రెండోసారి అదే రిఫ్‌ను అందుకుని దాన్ని బరువెక్కించేది లార్డ్ ఆర్గన్. ఎప్పుడు ప్రవేశించాలో తెలిసి, తాళాన్ని హై హ్యాట్ మీద మెల్లగా తీసుకొచ్చేది పెయిస్. ప్రపంచమంతటా గిటార్ పట్టిన ప్రతి పిల్లవాడూ మొదట నేర్చుకునేది ఈ రిఫ్‌నే. మన ఊళ్లలోనూ అంతే. ఆ పిల్లలు వాయించేది ఒక్కడి చేతి స్వరాన్ని. పాటగా మనకు చేరింది మాత్రం ఐదుగురి పని. దాన్ని ఏ ఒక్కరి పేరునో రాసి ఉంటే అబద్ధమయ్యేది.

ఇక్కడ నా వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది. ఐదు పేర్లు సమానంగా ఉండటమే బలమైతే 1973లో ఆ ఐదుగురూ ఎందుకు విడిపోయారు? ఆ ఏడాది వచ్చిన ‘హూ డూ వుయ్ థింక్ వుయ్ ఆర్’ మీద కూడా ఐదు పేర్లే ఉన్నాయి కదా, అది మునుపటి వాటికన్నా నీరసంగా ఎందుకుంది? నిజమే. అప్పటికి ఎడతెగని పర్యటనలతో అందరూ అలసిపోయారు, బ్లాక్‌మోర్‌కూ గిలన్‌కూ మధ్య మాటలు తగ్గిపోయాయి, గిలన్ 1972 చివరే రాజీనామా రాసి ఇచ్చాడు. సంతకం మిగిలింది, పద్ధతి పోయింది. పేర్లు కలిసి ఉండటం కలిసి పనిచేశారనడానికి సాక్ష్యమే తప్ప పూచీ కాదని ఒప్పుకోవాలి. అయితే ఈ అభ్యంతరం నా వాదన కన్నా ‘అసలు బ్యాండ్’ వాదననే ఎక్కువ దెబ్బతీస్తుంది. 1972 నాటి ‘మెషీన్ హెడ్’ చేసిన అదే ఐదుగురు మరుసటి ఏడాదే నీరసమైన ఆల్బమ్ చేశారంటే, ఆ గొప్పతనం మనుషుల జాబితాలో లేదన్నమాట.

గిలన్, గ్లోవర్ వెళ్లిపోయాక తర్వాతి మలుపు, సంగీత పత్రికలో ప్రకటన చూసి గాయకుడి స్థానానికి దరఖాస్తు పెట్టుకున్న, బట్టల దుకాణంలో పనిచేస్తున్న డేవిడ్ కవర్‌డేల్‌ది. ట్రపీజ్ నుంచి బేస్ వాయిస్తూ పాడే గ్లెన్ హ్యూజ్ కూడా వచ్చాడు. 1974లో వచ్చిన ‘బర్న్’ శీర్షిక గీతంలో రెండు గొంతులు ఒకదాని మీదికి ఒకటి దూకుతుంటే, గిటార్, ఆర్గన్ తమ పాత సంవాదాన్ని కొత్త ఉత్సాహంతో అందుకున్నాయి. చిన్న అక్షరాలు అబద్ధం చెప్పిన సందర్భం కూడా ఇదే. ఒప్పందాల చిక్కు వల్ల హ్యూజ్ పేరు అప్పట్లో ఆ పాటల కింద పడలేదు, 30 ఏళ్ల తర్వాతి ముద్రణలో గానీ చేరలేదు. కొత్తవాళ్లు సోల్, ఫంక్ వైపు లాగుతున్నారని బ్లాక్‌మోర్ 1975లో వెళ్లిపోయి రెయిన్‌బో పెట్టుకున్నాడు. అతని చోట వచ్చిన అమెరికన్ టామీ బోలిన్ నిజమైన ప్రతిభావంతుడు. ‘కమ్ టేస్ట్ ద బ్యాండ్’ వినదగ్గ ఆల్బమే, కానీ అందులో ఆర్గన్ వెనక్కి జరిగింది, సంవాదం సన్నగిల్లింది. మాదకద్రవ్యాలు కచేరీలను చెడగొట్టాయి. 1976 మార్చిలో లివర్‌పూల్ కచేరీతో లార్డ్, పెయిస్ ఇక చాలనుకున్నారు. అదే ఏడాది డిసెంబర్‌లో 25 ఏళ్ల బోలిన్ మయామిలో చనిపోయాడు.

పేరు ఒక్కటే బ్యాండ్ కాదని 1980 చూపించింది. కొందరు ప్రమోటర్లు రాడ్ ఎవాన్స్‌ను ముందుపెట్టి, బ్యాండ్‌తో సంబంధం లేని వాయిద్యకారులను వెనక నిలిపి, డీప్ పర్పుల్ పేరుతో అమెరికా, మెక్సికోలలో కచేరీలు చేయించారు. జనం గొడవ చేశారు, వ్యవహారం కోర్టుకెక్కింది, 6,72,000 డాలర్ల పరిహారం చెల్లించాలని తీర్పు వచ్చింది. ఎవాన్స్ తన పాత రాయల్టీలు కూడా పోగొట్టుకుని జనానికి కనబడకుండా పోయాడు. వ్యవస్థాపక సభ్యుడే వేదిక మీదున్నా అది డీప్ పర్పుల్ కాలేదు. పేరుంది, పాత ముఖం ఒకటుంది, పాటను కట్టిన బంధం మాత్రం అందులో లేదు.

ఇక 1984. మార్క్ టూ ఐదుగురూ మళ్లీ కలిశారు, ‘పర్ఫెక్ట్ స్ట్రేంజర్స్’ బాగా అమ్ముడుపోయింది, శీర్షిక గీతం వాళ్ల మంచి పాటల్లో ఒకటి. ఇదిగో అసలు బ్యాండ్ తిరిగి వచ్చిందన్నారు. ఆ ఆల్బమ్‌ను తిప్పి చూస్తే మరో సంగతి కనిపిస్తుంది. దాదాపు ప్రతి పాట కిందా మూడే పేర్లు: బ్లాక్‌మోర్, గిలన్, గ్లోవర్. లార్డ్, పెయిస్‌ల పేర్లు ఒక్క ‘నోబడీస్ హోమ్’ కిందే ఉన్నాయి. ముఖాలు పాతవే, ఒప్పందం మారింది. ఇద్దరు వ్యవస్థాపకులు తమ బ్యాండ్‌లోనే పక్కవాద్యగాళ్ల స్థానంలోకి జారారు. ఆ తర్వాత జరిగిందంతా ఆ మూడు పేర్లలో సూచనగా ఉంది. 1987 నాటి ‘ద హౌస్ ఆఫ్ బ్లూ లైట్’ అలసట, 1989లో గిలన్ ఉద్వాసన, రెయిన్‌బోలో పాడిన జో లిన్ టర్నర్‌తో ‘స్లేవ్స్ అండ్ మాస్టర్స్’, 1992లో గిలన్ పునరాగమనం, 1993 నవంబర్‌లో పర్యటన మధ్యలోనే బ్లాక్‌మోర్ నిష్క్రమణ. జపాన్ కచేరీలకు గిటారిస్టు జో సత్రియాని ఆదుకున్నాడు. బ్లాక్‌మోర్ మహా గిటారిస్టు, ఈ బ్యాండ్ స్వరాల్లో గుర్తుండిపోయేవి చాలావరకు అతనివే. అందులో నాకు సందేహం లేదు. కానీ అతని ఇష్టానికి తక్కినవాళ్లు లోబడే ఏర్పాటులో ఆ మహత్వం కూడా వాడిపోయింది.

1994లో డిక్సీ డ్రెగ్స్, కాన్సస్ బృందాల్లో వాయించిన స్టీవ్ మోర్స్ చేరాడు. 1996లో వచ్చిన ‘పర్పెండిక్యులర్’లో పాటల కింద మళ్లీ ఐదు పేర్లూ కనిపించాయి. దీన్ని యాదృచ్ఛికం అనుకోలేను. మోర్స్ వాయింపులో బ్లాక్‌మోర్ అనుకరణ లేదు. అతని స్వరం తళతళలాడుతుంది, అమెరికన్ కంట్రీ సంగీతపు ఛాయలున్నాయి. అయినా అతను ఆర్గన్ చెప్పేది విని జవాబిచ్చే మనిషి. 1969లో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కలిసి లండన్ ఆల్బర్ట్ హాల్‌లో వాయించిన లార్డ్ ‘కాన్చెర్టో’ స్వరప్రతి తర్వాత పోయింది. మార్కో ద హూయ్ అనే డచ్ సంగీతకారుడు పాత రికార్డింగును వింటూ దాన్ని తిరిగి రాశాడు. లార్డ్ దాన్ని సరిచూశాడు. 1999లో అదే హాల్‌లో మళ్లీ వాయించినప్పుడు గిటార్ మోర్స్ చేతిలో ఉంది. 2001లో లార్డ్ మోకాలి గాయంతో ఆగితే డాన్ ఎయిరీ వచ్చాడు. 2002లో లార్డ్ విరమించుకున్నాక ఆ పీఠం అతనిదే అయింది. 2012లో లార్డ్ మరణించాక, మరుసటి ఏడాది ఆల్బమ్‌ను బ్యాండ్ ఆయనకు అంకితం చేసింది. 1969లో ఎవాన్స్, సింపర్‌లను మార్చిన తీరుకూ, ఈ అప్పగింతకూ ఎంత తేడా!

ఇదంతా వ్యాపారమని, జనం వచ్చేది పాత పాటల కోసమేనని కొందరంటారు. కచేరీల్లో 1972 నాటి పాటలు లేకపోతే హాళ్లు నిండవన్నది వాస్తవం. కానీ పాత పాటలతోనే బతకదలచిన బృందానికి 2013 నుంచి 2024 దాకా ‘నౌ వాట్’, ‘ఇన్ఫినిట్’, ‘వూష్’, ‘ఈక్వల్స్ వన్’ లాంటి కొత్త పాటల ఆల్బమ్‌లు చేయాల్సిన అవసరమేముంది? గొంతు అందుకోలేని వయసులో ‘చైల్డ్ ఇన్ టైమ్’ను గిలన్ పక్కన పెట్టడం కూడా వ్యాపార లక్షణం కాదు. మన జంటకవుల్లో ఒకరైన తిరుపతి శాస్త్రి 1920లో కన్నుమూశాక కూడా, రెండోవారైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి జంట పేరుతోనే రచనలు వెలువరించారు. దాన్ని మనం మోసమనలేదు. కలిసి కట్టుకున్న పద్ధతికి ఆయన చెల్లించిన గౌరవమన్నాం. తెలుగు పాఠకుడు ఇచ్చిన ఆ మర్యాదను ఈ బ్యాండ్‌కూ ఇవ్వవచ్చు.

రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ మాత్రం ఇవ్వలేదు. 2016లో బ్యాండ్‌ను చేర్చుకున్నప్పుడు ఎనిమిది మందిని ఎంచింది: బ్లాక్‌మోర్, లార్డ్, పెయిస్, ఎవాన్స్, గిలన్, గ్లోవర్, కవర్‌డేల్, హ్యూజ్. అప్పటికే 20 ఏళ్లకు పైగా వాయిస్తున్న మోర్స్ లేడు. బ్లాక్‌మోర్ రెండు విడతలూ కలిపినా 16 ఏళ్లే అవుతాయి. భార్య అనారోగ్యం వల్ల 2022లో తప్పుకునే నాటికి మోర్స్‌వి 28 ఏళ్లయ్యాయి. ఎయిరీ లేడు. బోలిన్ లేడు. ఎవాన్స్‌ను తీసుకుని, అతని పక్కనే అవే మూడు ఆల్బమ్‌లు వాయించిన సింపర్‌ను వదిలేయడానికి ఏ కొలమానమూ సరిపోదు. అన్ని కూర్పుల్లోనూ ఉన్నది పెయిస్ ఒక్కడే, ఇప్పుడు మోర్స్ చోట వచ్చిన సైమన్ మెక్‌బ్రైడ్ గిటార్ వెనక కూడా ఆ డ్రమ్స్ ఆయనవే. ఏదో ఒకనాడు ఆయనా లేచి కర్రలు మరొకరికి అందిస్తాడు. అప్పుడూ ఇదే ప్రశ్న వస్తుంది. ఈలోగా ఆ సంస్థ చేయగలిగిన పని ఒకటుంది. మోర్స్, ఎయిరీ, బోలిన్, సింపర్ ఈ నలుగురి పేర్లనూ ఆ జాబితాలో చేర్చాలి.