చేయి ఆనించకుండా లేవండి!

రాజపాళయం తెలుగు ఇళ్ళకు ఒక విన్నపం



ఇంట్లో తెలుగే మాట్లాడినా తెలుగు చదవడం రానివాళ్ళు మన ఊళ్ళో చాలామంది. చదవగలిగినవాళ్ళు ఈ కాగితాన్ని పెద్దవాళ్ళకు గట్టిగా చదివి వినిపించండి.

పి.ఎ.సి. రామసామి రాజాగారు ఇక్కడ నూలు మిల్లు పెట్టిన కాలం నుంచీ షిఫ్టులకు షిఫ్టులు నిలబడి పనిచేసిన ఊరు మనది. అలా పనిచేసిన పెద్దవాళ్ళను ఇప్పుడు కొడుకు బండి మీద దించుతాడు, కోడలు వాళ్ళ చేతిలోని బిందె అందుకుని "మీరు కూర్చోండి అత్తమ్మా" అంటుంది. ప్రేమతోనే. కానీ ఆ కూర్చోవడమే వాళ్ళ కాళ్ళ సత్తువ తీసేస్తోంది.

ముప్పై దాటాక పదేళ్ళకు 3 నుంచి 8 శాతం కండ తరుగుతుంది, అరవై దాటాక ఇంకా వేగంగా. కండ లాగుతుంటేనే ఎముక గట్టిగా ఉంటుంది. ముట్లుడిగిన ఆడవాళ్ళలో ఎముక మరీ త్వరగా పలచబడుతుంది. అప్పుడు స్నానాల గదిలో కాలు జారితే తుంటి విరుగుతుంది. ఆ తర్వాత మంచం, పరాధీనం.

"ఈ వయసులో ఇంకేం బలం?" అనకండి. అమెరికాలోని బోస్టన్‌లో, ఒక వృద్ధుల కేంద్రంలో 86 నుంచి 96 ఏళ్ళవాళ్ళ చేత 8 వారాలు కాళ్ళకు బరువుల కసరత్తు చేయించారు. వాళ్ళ తొడల బలం సగటున 174 శాతం పెరిగిందని 1990లో ప్రకటించారు. తొంభై ఏళ్ళవాళ్ళకు వచ్చిన బలం మనకు రాదా?

ఇవాళే మొదలుపెట్టండి. గట్టి కుర్చీని గోడకు ఆనించండి. చేతులు రొమ్ము మీద కట్టుకుని లేవండి, మెల్లగా కూర్చోండి. పదిసార్లు. చేయి ఆనించకుండా లేవలేకపోతే ఆనించే లేవండి, కూర్చునేటప్పుడు మాత్రం దబ్బున కూలబడకండి. నెమ్మదిగా దిగేటప్పుడు కూడా తొడకండ బాగా పనిచేస్తుంది. తర్వాత కిటికీ చువ్వ పట్టుకుని మడమలెత్తండి. తేలికైతే నీళ్ళ సీసాలు చేత పట్టుకోండి. వారానికి కనీసం మూడు రోజులు. పొద్దున నడక మంచిదే, కానీ బలానికి అదొక్కటే చాలదు. గుండెజబ్బు ఉన్నవాళ్ళు, ఇదివరకు ఎముక విరిగినవాళ్ళు ముందు డాక్టరును అడగండి.

ఇడ్లీ చట్నీతో, చారన్నంతో కండ పెరగదు. సుండల్, పప్పు, పెరుగు, గుడ్డు, చేప, ఏదో ఒకటి పూటపూటా ఉండాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరు చెప్పినట్టే తినాలి. నూరు గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంది. రాగి అంబలి మానకండి. రోజూ కాసేపు ఎండలోకి రండి.

మంచం దిగలేనివాళ్ళుంటే, 2021 నుంచి నడుస్తున్న 'మక్కళై తేడి మరుత్తువం' అనే ప్రభుత్వ పథకం కింద ఇంటికే వచ్చి ఫిజియోథెరపీ చేస్తారు. ఉచితం. మీ వీధికి వచ్చే ఆరోగ్య కార్యకర్తను అడగండి.

మన చావళ్ళలో సాయంత్రాలు పెద్దలు ఎలాగూ కూడతారు. పదిమందీ కలిసి లేవండి, కూర్చోండి. కొడుకులూ కోడళ్ళూ, పెద్దవాళ్ళు మోయగలిగిన బిందెను వాళ్ళ చేతుల్లోనే ఉండనివ్వండి. తడి గచ్చు తుడవండి, స్నానాల గదిలో పట్టుకోవడానికి ఒక కమ్మీ బిగించండి. ఈ ఆదివారమే బిగించండి.

ఇట్లు
మీ ఊరి శ్రేయోభిలాషులు