కార్డు చెరపడానికి ముందు

2012లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై అనే కంప్యూటర్ అరచేతిలో ఇమిడిపోతుంది. మీ దగ్గర దాని తొలి మోడల్ ఒకటి ఉందనుకోండి. స్విచ్ వేశారు. ఎర్ర దీపం వెలిగింది. పని మాత్రం మొదలు కాలేదు. వెంటనే మెమరీ కార్డు చెరిపేసి, అన్నీ మళ్లీ ఎక్కిస్తారా? అది తొందరపాటని నా అభిప్రాయం.

ముందు ఆకుపచ్చ దీపాన్ని గమనించండి. అది ఆగి ఆగి ఏడేసిసార్లు మిణుకుమంటే, కర్నెల్ ఫైలు దొరకలేదని అర్థం. కర్నెల్ అంటే తక్కిన ప్రోగ్రాములన్నిటినీ నడిపే మూల ప్రోగ్రాము. దొరకలేదని చెప్పగలిగిందంటే, దానికంటె ముందు నడవవలసిన ప్రోగ్రాము కార్డునుంచి సరిగానే వచ్చిందన్నమాట! ఇక ఆ ఫైలు ఉన్నదో లేదో చూడండి.

ఒకసారికి ఒక్కటే మార్చండి. అన్నీ కలిపి మారిస్తే యంత్రం బాగుపడవచ్చు; జబ్బేమిటో మాత్రం మీకు తెలియదు. రేపు అదే మళ్లీ వస్తే?