గెలవరనే మాట ఎవరిది?

అమెరికాలో నల్లజాతి మనిషి అధ్యక్ష పదవికి నిలబడ్డప్పుడల్లా మేధావులది ఒకటే పాట: మంచి అభ్యర్థే, కానీ గెలవరు! 1972లో షిర్లీ చిజమ్‌కు ఇదే పాడిన్రు. 1988 ప్రైమరీల్లో జెస్సీ జాక్సన్ దాదాపు 70 లక్షల ఓట్లు తెచ్చుకున్నా టికెట్టు డుకాకిస్‌కే పోయింది. మేం అడుగుతున్నం, ఇది జోస్యమా, అడ్డుకట్టా?

ఈ పాట చివరికి నల్లవాళ్ల నోటికే ఎక్కింది. 2007లో దక్షిణ కరోలినాలో నల్ల ఓటర్లే చాలామంది, తెల్లోళ్లు ఎట్లాగూ వెయ్యరు, మన ఓటెందుకు ఖరాబు చేసుకోవాలె అని హిల్లరీ దిక్కు చూసిన్రు. (ఆ భయం ఉత్తగ పుట్టలే. 1965లో సెల్మాలో ఓటుహక్కు అడిగినందుకు లాఠీలతో చితకబాదిన దేశమది.) 2008 జనవరి 3న అయోవా ఒబామాను గెలిపించింది. అక్కడ నూటికి తొంభై మందికి పైగా తెల్లవాళ్లే! మూడు వారాలు తిరిగేసరికి దక్షిణ కరోలినా ఆయన వెనుక నిలబడ్డది. నవంబర్‌లో 365 ఎలక్టోరల్ ఓట్లు.

తెల్లజాతి మారిపోయిందని మేం అంటలేం. ఆ ఎన్నికల్లో కూడా తెల్ల ఓటర్లలో ఎక్కువమంది మెకెయిన్‌కే వేసిన్రు. 2024లో కమలా హారిస్ ఓడంగనే పాత పాట మళ్లీ అందుకున్నరు. మరి 2004లో కెర్రీ ఓడినప్పుడు, తెల్లోళ్లు ఇక గెలవరని ఒక్కడన్నా రాసిండా?