ధర్మనిధుల వినియోగము

మన పట్టణములందు ధర్మనిధులు లేకపోలేదు, దాతలును గలరు. ఆ ధనము దేనికీయవలెనని నిర్ణయించు పద్ధతియందే లోపమున్నదని మా యభిప్రాయము. ఏటేట పాలకసంఘమువారు సమావేశమగుదురు. పరిచయము గలవాని యర్జీ పైకి వచ్చును, లేనివానిది అడుగున బడును. శిలాఫలకము నాటదగిన మంటపమునకు ధనము దొరకును. రాత్రిపాఠశాల యుపాధ్యాయుని జీతమునకు దొరకదు.

పాలకులు నిధికి యజమానులు కారు, ధర్మకర్తలు. ప్రజాధర్మనిధియందు సంబంధము గల యే యిద్దరైనను కోర్టువారి యనుమతితో దావా వేసి లెక్కలడుగవచ్చునని 1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడు 92వ సెక్షను చెప్పుచున్నది. కాని కోర్టు ద్రోహమును సరిదిద్దగలదు గాని వివేకమును నేర్పజాలదు.

2013వ సంవత్సరపు కంపెనీల చట్టము పెద్ద కంపెనీలను మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులు లోకోపకారమునకు వెచ్చింపుమనుచు, స్థానికప్రాంతమునకు ప్రాధాన్యమిచ్చి, ఆ వివరములను నివేదికలో ప్రకటింపుమన్నది. లాభమునకై పుట్టిన కంపెనీలకు గల నియమము ధర్మమునకై పుట్టిన సంఘములకు వలదా?

మేము కోరునది స్వల్పము. అర్జీలను తూచు నియమములను ముందుగా పఠనమందిరములలో ప్రకటింపవలెను. సభ్యుని బంధువుల యర్జీ వచ్చినపుడు ఆ సభ్యుడు లేచి పోవలెను. ఏ పేటకొరకు పనియో ఆ పేటవారిని పిలిచి వినవలెను. నిరాకరించినచో కారణము వ్రాసి యీయవలెను. ఏడాది తిరిగిన పిదప పనిని చూచి లెక్క చెప్పవలెను.

దాత చేయి విడిచిన ధనము ప్రజలది. అడుగుట తప్పని యెంచి మనము మౌనము వహించినంతకాలము ఆ రాత్రిపాఠశాలలో దీపము వెలుగదు.