సంఘపు బండి వణకుట కెవరు కారకులు?

మన సంఘపు చిన్న లారీ యిరువది దినములుగా సరిగా నడచుట లేదన్న సంగతి సభ్యు లెల్లరు నెఱిగినదే. టమాట కోతలు ముమ్మరముగా సాగుచున్న యీ కాలమున నది రెండు పర్యాయములు మదనపల్లె మార్కెట్టు దారిలో నిలిచిపోయినది. వేలమునకు వేళకు చేరవలసిన పెట్టెలు ఆలస్యముగా చేరినచో ధర యెట్లుండునో రైతులకు మేము చెప్పవలసిన పని లేదు. ఈ నష్టమునకు డ్రైవరే కారకుడని యనేకులు తలంచుచున్నారు. బండికి క్రొత్తగా వేయించిన సామానుల ఖరీదు నతని జీతమునుండి పట్టుకొనవలెనని కార్యవర్గమున ప్రస్తావన కూడ వచ్చినది. అది న్యాయము గాదని మా యభిప్రాయము. ఏల కాదో చెప్పుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

జరిగిన దిది. పండుగ సెలవులలో బండి మూడు దినములు షెడ్డులో నిలిచి యుండగా ముందు దీపములు వెలుగుచునే యుండెను. ఆర్పుట మఱచినది డ్రైవరే, అతడును కాదనలేదు. నాలుగవనాటి యుదయమున సెల్ఫు కొట్టగా 'టక్కు' మను చప్పుడు తప్ప మఱేమియు లేదు. బ్యాటరీని విప్పి చార్జింగునకు పంపి మఱునాడు బిగించిరి. ఇంజను లేచినది. కాని యెక్సిలేటరు మీదినుండి కాలు తీసినతోడనే వణకుట, ముల్లు దిగుట, మరల లేచుట, తుద కాగిపోవుట మొదలైనది. వేగముగా పోవునపుడు మాత్రము లోపమేదియు కానరాదు. "అయ్యా, మొన్నటిదాకా బాగుండింది. ఇప్పుడు గేటుకాడ నిలిపితే చాలు, ఆగిపోతావుండాది" అని యతడు మాతో మొఱపెట్టుకొనెను.

పట్టణములో నొక రిపేరు షెడ్డునకు బండిని తీసికొని పోయిరి. మొదట ప్లగ్గులు మార్చిరి, వణకుట మానలేదు. తరువాత కాయిలు మార్చిరి, అప్పుడును మానలేదు. ఇంజెక్టర్లను కడిగిరి. బిల్లు ఎనిమిది వేలు దాటినది. ఇక మిగిలినది బండిలోని కంప్యూటరే, అది కాలిపోయి యుండును, దానిని మార్చవలయు నని చెప్పి పంపిరి. ఇన్ని మార్చినవారిలో నొక్కరైనను మీటరు పెట్టి యొక్కటియు కొలిచి చూచినట్లు లేదు. వేరుసెనగ చేను పసుపుబాఱినదని యూరియా చల్లువారిని మేము ప్రతి యేటను చూచుచునే యున్నాము. నీరు నిలిచి వేరునకు గాలి యాడకపోయినను ఆకు పసుపుబాఱును. సున్నము హెచ్చుగా నున్న నేలలో నినుము అందకపోయినను లేతాకు పసుపుబాఱును. ఈ రెండింటికిని యూరియా మందు గాదు. ఆకు నొకటే చూచి మందు వేయువానికిని, వణకుట నొకటే విని ప్లగ్గు మార్చువానికిని భేద మేమున్నది?

ఈ విషయమున సభ్యులు తెలిసికొనవలసిన ముఖ్యాంశ మొకటి కలదు. మన లారీ పెట్రోలు బండి. దీని యింజనులోనికి పోవు గాలిని త్రాటిల్ బాడీ యను గొట్టములోని పలుచని రేకు తలుపు అదుపు చేయును. కాలు తీసినపుడు ఆ తలుపు దాదాపుగా మూసికొని, అంచున సన్నని సందు మాత్రమే మిగులును. ఇంజను మెల్లగా తిరుగుటకు వలసిన గాలి యంతయు నా సందుననే పోవలయును. కాలక్రమమున ఇంజను నూనె ఆవిరియు మసియు చేరి యా యంచునకు కాటుకవలె పట్టుకొనును, సందు ఇఱుకగును. పూర్వపు కార్బురేటరు బండి యైనచో అప్పుడే వణకి యుండెడిది. మేస్త్రి స్క్రూ త్రిప్పి సరిచేసి యుండెడివాడు. ఇప్పటి బండిలో కంప్యూటరే యా పని చేయుచున్నది. మసి పేరుకొనిన కొలది తలుపును వెండ్రుకవాసి చొప్పున నెక్కువగా తెఱచుచు, ఎంత తెఱవవలయునో జ్ఞాపకము పెట్టుకొనును. అందుచేత నడపువానికి లోపము తెలియదు.

అనేక బండ్లలో ఈ జ్ఞాపకము నిలుచుటకు బ్యాటరీనుండి స్వల్పమైన కరెంటు ఎల్లప్పుడు అందవలయును. బ్యాటరీ పూర్తిగా దిగిపోయినను, విప్పి తీసినను, కంప్యూటరు నేర్చుకొనిన దంతయు మఱచి, ఫ్యాక్టరీలో శుభ్రమైన తలుపునకు పెట్టిన లెక్కకు మరల వచ్చును. తలుపు శుభ్రముగా లేదు. లెక్క మాత్రము శుభ్రమైన తలుపునకు వేసినది. గాలి చాలక యింజను వణకును. కాబట్టి బ్యాటరీ దిగుట యీ రోగమును పుట్టింపలేదు. దాగియున్న దానిని బయట పెట్టినది. అన్ని బండ్లును నీ తీరున నుండవు. కొన్నింటిలో జ్ఞాపకము బ్యాటరీ లేకున్నను చెఱగదు. మెకానికల్ పంపు గల పాత డీజిలు ట్రాక్టర్లలో చెఱగుటకు జ్ఞాపకమే లేదు. వానిలో బ్యాటరీ దిగిన పిమ్మట ఐడ్లింగు చెడినచో డీజిలు ఫిల్టరునందును, గొట్టములలో చేరిన గాలియందును వెదకవలయును.

గత వారము పంపుసెట్లు బాగుచేయు నొక యువకుని వెంటబెట్టుకొని షెడ్డునకు పోయితిమి. మొట్టమొదట బ్యాటరీకి మీటరు పెట్టి చూచితిమి. ఇంజను ఆపి కొన్ని గంటలు గడచిన తరువాత 12.5 వోల్టులు, ఇంజను నడచుచుండగా 14.1. నిండిన బ్యాటరీ 12.6 చూపును, 12.2 చూపినచో సగమే యున్నదని యర్థము. నడచునపుడు సాధారణముగా 13.8 మొదలు 14.4 వఱకు నుండవలయును. కాబట్టి బ్యాటరీయు డైనమోయు నిర్దోషులని తేలినది. టెర్మినల్ బిగువును, ఎర్తు తీగను చూచితిమి. బ్యాటరీ విప్పునపుడు ప్రక్కనున్న గాలి గొట్టమును కదిలించి క్లిప్పు బిగింపక వదలుట తఱచు జరుగును. అచ్చట దొంగగాలి చొరబడినను ఇంజను వణకును. అదియు బిగువుగానే యున్నది. అటుపిమ్మట గొట్టము విప్పి దీపము వేసి చూడగా త్రాటిల్ తలుపు అంచు చుట్టును నల్లని పొర కనబడినది. తాళము తీసి, ఆ పనికి అమ్ము ద్రవముతో తలుపును వ్రేలితో బలవంతము చేయక మెల్లగా గుడ్డతో తుడిచితిమి. బండితో నిచ్చిన పుస్తకములో చెప్పిన ప్రకారము, దీపములు, ఫ్యాను మొదలైనవన్నియు నాపి, ఇంజను వేడెక్కువఱకు కాలు పెట్టక వదలితిమి. మొదట కొంతసేపు హెచ్చుగా తిరిగినది. పావుగంటకు ముల్లు ఒకచోట నిలిచినది. షెడ్డు తలుపులు బార్లా తెఱచి యీ పని చేయవలయునని వేఱుగా చెప్పుచున్నాము. మూసిన గదిలో పొగ ప్రాణాంతకము.

స్కానరు గుఱించి యొక మాట. బ్యాటరీ విప్పక మునుపే దానిని పెట్టి చూడవలయును. విప్పినచో కంప్యూటరు వ్రాసికొనిన తప్పుల పట్టిక కూడ చెఱగవచ్చును. వోల్టేజి తక్కువైననాడు వ్రాసికొనిన తప్పులను మాత్రము వెంటనే నమ్మరాదు. వానిని తుడిచి, బండిని నడిపి, మరల వచ్చినవానినే లెక్క చేయవలయును. మఱియు, డైనమో పని చేయుచున్నదా యని తెలిసికొనుటకు ఇంజను నడచుచుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీయు నలవాటు మన ట్రాక్టరు డ్రైవర్లలో నేటికిని కలదు. పాత యింజనులలో నది చెల్లినను, ఇప్పటి బండిలో వోల్టేజి ఒక్కసారిగా ఎగసి కంప్యూటరు నిజముగనే కాలిపోవచ్చును.

ఇక జీతము మాట. దీపమార్పకపోవుట డ్రైవరు తప్పు. చార్జింగు ఖర్చు నతడే భరించుట సబబు, అందు కతడు సిద్ధముగా నున్నాడు. ప్లగ్గులు పాతబడినవే గాన వానిని సంఘము నేడు గాకున్న రేపైన మార్చవలసినదే. కాయిలు మాత్రము పాతదే బాగుగా పని చేయుచున్నది. తిరిగి బిగించి చూచితిమి. త్రాటిలు మసి మూడు దినములలో పట్టినది గాదు, వేల కిలోమీటర్ల మీద పేరుకొనినది. లాగుపుస్తకములో ఎయిర్ ఫిల్టరు మార్చినట్లు గాని, సర్వీసు చేయించినట్లు గాని ఏడాదిన్నరగా నొక్క పంక్తి లేదు. ఆ పుస్తకమును మూడు నెలల కొకసారి తనిఖీ చేయుద మని యొప్పుకొనినవారిలో మేము నొకరము. అట్టి యెడ జీతము కోత డ్రైవరున కొక్కనికే విధించుట యెట్లు పొసగును? ఇకమీదట రిపేరు బిల్లు మంజూరు చేయుటకు ముందు, ఏది కొలిచి చూచి యీ సామాను మార్చితిరని యడిగి, ఆ జవాబును బిల్లు మీదనే వ్రాయించుకొనవలె నని మా సూచన. ఇన్నూఱు మున్నూఱు రూపాయల మీటరొకటి షెడ్డులో నుండవలయును.

మొన్న మంగళవారమునాడు బండి టమాట పెట్టెలతో మార్కెట్టు గేటు వద్ద నరగంటసేపు వరుసలో నిలిచినది, ఇంజను ఆగలేదు. కార్యవర్గ సమావేశ మీ నెల చివరి ఆదివారమున జరుగును. విప్పి తీసిన ప్లగ్గులను, క్రొత్త కాయిలును, మసి తుడిచిన గుడ్డను చూడగోరు సభ్యుల కొఱకు సంఘ కార్యాలయపు బల్లమీద నుంచితిమి.